కర్ర మీద గాటు నుంచి కార్డు మీద పేరు దాకా
పాత క్రికెట్ స్కోరుకార్డుల్లో పరుగుల లెక్క తప్ప చరిత్రకారులకు పనికొచ్చేది ఏమీ లేదన్న మాట నేను ఒప్పుకోను. మొదట్లో ఇంగ్లండ్‌లో కర్ర మీద కత్తితో గాట్లు పెట్టి పరుగులు లెక్కపెట్టేవారు, మన పాలవాళ్లు గోడ మీద గీతలు గీసినట్టు. గాటు పరుగుల మొత్తం చెబుతుంది, ఎవరు కొట్టారో చెప్పదు. 1744లో లండన్‌లోని ఆర్టిలరీ గ్రౌండ్‌లో కెంట్‌కూ మిగతా ఇంగ్లండ్‌కూ జరిగిన మ్యాచ్ కార్డులో మాత్రం పేరు పక్కన అంకె ఉంది. అలాంటి కార్డుల్లో క్యాచ్ పడితే పట్టినవాడి పేరే రాసేవారు, బౌలర్ ఊసే ఉండదు. 1830ల దాకా దాదాపు ఇదే పద్ధతి. కాబట్టి అప్పటి బౌలర్ల వికెట్లు తక్కువగా కనిపిస్తే తప్పు వాళ్లది కాదు, రాసిన పద్ధతిది. ఇది కార్డు చూస్తేనే కదా తెలిసేది! 1825లో లార్డ్స్ పెవిలియన్ తగలబడి ఎన్ని రికార్డులు బూడిదయ్యాయో తలుచుకుంటే బాధేస్తుంది. మా కాలేజీ టోర్నీలో నేనే స్కోరర్‌ని. ఫైనల్ రోజు వాన చినుకులు పడి పుస్తకంలో ఒక ఓవర్ అలుక్కుపోయింది. అందులో ఉన్నది బ్యాటుతో కొట్టిన ఫోరా, కాలికో ఒంటికో తగిలి వచ్చిన నాలుగు లెగ్‌బైలా అని ఇప్పటికీ ఇద్దరు స్నేహితులు కొట్టుకుంటూనే ఉన్నారు.