మొదటి పుల్ రిక్వెస్ట్‌కు అంత తొందరెందుకు?

2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టుకు పుల్ రిక్వెస్టులు, అంటే 'నా మార్పును మీ కోడ్‌లో కలుపుకోండి' అనే అభ్యర్థనలు, వెల్లువెత్తాయి. జావాస్క్రిప్ట్‌లో సర్వర్ రాసేవాళ్లు ఎక్కువగా వాడే ఫ్రేమ్‌వర్క్ అది. వచ్చినవాటిలో చాలావాటిలో మార్పు ఒక్కటే: ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో పంపినవాళ్ల పేరు. ఒక హిందీ యూట్యూబ్ పాఠంలో, ఇలాంటి కోడ్ ఉంచి కలిసి పనిచేసే గిట్‌హబ్ సైటు వాడకం చూపించడానికి ఆ ప్రాజెక్టును ఉదాహరణగా తీసుకున్నారు. చూసినవాళ్లు అదే పని అక్కడే చేసేశారు.

ఓపెన్ సోర్స్‌కు సాయపడమని ఏటా అక్టోబరులో జరిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లోనూ 2020లో ఇదే గొడవ. నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు ఇస్తామన్నారు. చెత్త ఎంతగా వచ్చి పడిందంటే, అక్టోబరు మొదటివారంలోనే నిబంధనలు మార్చి, చేరతామని తమంతట తాము చెప్పిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు.

తప్పంతా విద్యార్థులదే అనలేం. ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో ఉన్నవాళ్లకు గిట్‌హబ్‌లో ఏ రోజు పని చేశారో చూపే ఆకుపచ్చ గళ్లు నింపమని సలహా ఇచ్చేవాళ్లే ఎక్కువ. అవతల ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్ చాలాసార్లు ఉద్యోగం అయ్యాక, జీతం లేకుండా ఈ పని చూస్తాడని చెప్పేవాళ్లు తక్కువ. పనికిరాని పుల్ రిక్వెస్టునైనా ఎవరో ఒకరు తెరిచి, చదివి, మూసేయాల్సిందే.

కొత్తవాళ్లు కోడ్ కంటే ముందు బగ్ దగ్గర మొదలుపెట్టాలని నా అభిప్రాయం. రోజూ వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకోండి. దాని కోడ్‌ను మీ కంప్యూటర్లో బిల్డ్ చేసి (నడిచే ప్రోగ్రాంగా మార్చి), టెస్టులు నడపండి. సగం మంది ఇక్కడే ఆగిపోతారేమో! బిల్డ్ సూచనల్లో ఒక మెట్టు పాతబడి పనిచేయకపోతే, దాన్ని సరిచేయడం అసలైన మొదటి కంట్రిబ్యూషనే. తర్వాత ఎవరో రిపోర్ట్ చేసిన బగ్‌ను మీ దగ్గర రప్పించి చూడండి. ఏ వెర్షన్‌లో వస్తోంది, దానికి ముందు వెర్షన్‌లో ఉందా? పాత మార్పులను సగానికి సగం తగ్గిస్తూ వెతికే గిట్ బైసెక్ట్ కమాండ్‌తో చూస్తే ఏ కమిట్‌తో (నమోదైన మార్పుతో) చెడిందో కూడా తేలొచ్చు. అది ఇష్యూలో (ఆ బగ్ గురించి గిట్‌హబ్‌లో పెట్టిన పోస్టులో) రాస్తే మెయింటెయినర్‌కు గంటల పని తగ్గుతుంది. కొత్తవాళ్లకు తేలికని 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' ముద్ర వేసిన ఇష్యూల కింద 'నాకు ఇవ్వండి' అని క్యూ కట్టడం కంటే ఇది మేలు.

తెలుగువాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్‌లలో వత్తులు, గుణింతాలు సరైన చోట పడేలా చూసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్). వత్తు పక్కకి జరిగితే తెలుగు రాని డెవలపర్‌కు అది తప్పని కూడా తెలియదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరానికి ఐఫోన్ యాప్‌లు కూలిపోతే, యాపిల్ అప్‌డేట్ ఇచ్చేదాకా ఎదురుచూడటం తప్ప మనం చేయగలిగింది పెద్దగా లేదు. ఓపెన్ సోర్స్‌లో అయితే ఫాంట్ పేరు, వెర్షన్, ఆ అక్షరాల యూనికోడ్ (కంప్యూటర్లో అక్షరాలకిచ్చిన నంబర్ల) వరుస, స్క్రీన్‌షాట్ జతచేసి ఇష్యూ పెట్టొచ్చు. తప్పు ఫాంట్‌దా, లైబ్రరీదా అనేది కూడా తేల్చి చెప్పగలిగితే సరిచేసే కోడ్ దాకా మీరే వెళ్లొచ్చు.