సమయపట్టికతో తీరే కష్టం కాదిది

వ్యాపారం చేసే తల్లులు రోజును గంటలుగా విభజించుకుంటే ఇల్లూ పనీ రెండూ సాగుతాయని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. నేను హనుమకొండలో తొమ్మిదేళ్లుగా జాకెట్ల కుట్టు, మగ్గం పని దుకాణం నడుపుతున్నాను. శ్రావణమాసంలో పెళ్లి జాకెట్లు తెల్లారేసరికి ఇవ్వాల్సి ఉండగా పాపకు జ్వరం వస్తే ఏ పట్టిక ఆదుకుంటుంది?

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. చాలా మంచి పని. కానీ అది ఉద్యోగినులకే. నా దుకాణంలో యజమానినీ నేనే, పనిచేసేదాన్నీ నేనే. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర అప్పు వాయిదా, దుకాణం అద్దె ఆగవు కనుక కాన్పయిన నలభయ్యో రోజునే కత్తెర పట్టాను.

నన్ను నిలబెట్టింది మా అత్తమ్మ. మగ్గం పక్కన పాత చీరతో ఉయ్యాల కట్టి, ఒక చేత్తో ఊపుతూ రెండో చేత్తో పూసలు ఏరి ఇచ్చేది. పాప పాకడం మొదలుపెట్టాక, నేల మీద సూది పడిందేమోనని రోజుకు పదిసార్లు అరచేత్తో తడిమి చూసేది. ఆమె లేకపోతే దుకాణం ఎప్పుడో మూసేదాన్ని.

మరి అత్తమ్మ తోడు లేనివాళ్లు? మాకు గిరాకీ వచ్చేది సాయంత్రం ఆరు దాటాక. ఆ వేళకు అంగన్‌వాడీలు మూసి ఉంటాయి. బజారు దగ్గర రాత్రి తొమ్మిది వరకు పిల్లలను చూసుకునే చోటు ఒక్కటి కావాలి. దయచేసి దాని గురించి రాయండి.