ప్రశ్న రాయించే ముందు పేపరు దిద్దించాలి

అమెరికా విశ్వవిద్యాలయాల్లో స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ వంటి భాషలను మొదటి రెండేళ్ల స్థాయిలో నేర్పేవారిలో చాలామంది ప్రొఫెసర్లు కారు. సాహిత్యంలోనో భాషాశాస్త్రంలోనో ఎంఏ, పీహెచ్‌డీ చేస్తూ, ఫీజు మినహాయింపు కోసం, నెలనెలా వచ్చే స్టైపెండు కోసం తరగతులు తీసుకునే టీచింగ్ అసిస్టెంట్లు (టీఏలు) వారు. ఇతర శాఖల్లో టీఏ అంటే ప్రొఫెసర్ పాఠానికి తోడుగా ట్యుటోరియల్ నడిపే వ్యక్తి. భాషా శాఖల్లో మాత్రం తరచుగా తరగతి మొత్తాన్నీ టీఏకే అప్పగిస్తారు. పాఠం చెప్పడం, క్విజ్ తయారుచేయడం, వ్యాసాలు దిద్దడం, మౌఖిక పరీక్ష తీసుకోవడం, చివరికి గ్రేడు వేయడం అన్నీ ఆ ఒక్కరి పనే. డిగ్రీ చేతికి రావాలంటే ఏదో ఒక విదేశీ భాషను నిర్ణీత స్థాయి దాకా చదివి తీరాలన్న నిబంధన ఎన్నో కాలేజీల్లో ఉంది. అందువల్ల తర్వాత వైద్యమో న్యాయశాస్త్రమో చదవాలనుకునే విద్యార్థి జీపీఏలో కూడా ఈ టీఏ వేసిన గ్రేడు శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇంత బరువు మోసేవారికి అందే శిక్షణ చాలాచోట్ల ఒకేలా ఉంటుంది. ఆగస్టులో సెమిస్టర్ మొదలయ్యే ముందు కొద్ది రోజుల ఓరియంటేషన్ ఉంటుంది, మొదటి సెమిస్టర్‌లో బోధనా పద్ధతులపై ఒక కోర్సు ఉంటుంది. పరీక్షలు, మూల్యాంకనం అనే అంశం ఆ కోర్సులో చివరి వారాల్లో వస్తుంది. అప్పటికి ఆ కొత్త టీఏ క్విజ్‌లు పెట్టి, మధ్యంతర పరీక్ష పేపర్లు దిద్ది, మార్కులు కూడా ఇచ్చేసి ఉంటారు. తమకు చిన్నప్పుడు ఎవరు ఎలా దిద్దారో అదే పద్ధతిలో వారు దిద్దుతారు. ఒకరు అక్షరదోషానికి అర మార్కు కోస్తారు, ఇంకొకరు భావం అందితే చాలనుకుంటారు. ఒకే కోర్సుకు పది సెక్షన్లుంటే పది న్యాయాలు నడుస్తాయి. భాషా శాఖల్లో పై అంతస్తులో సాహిత్యం చెప్పే ప్రొఫెసర్లు, కింది అంతస్తులో భాష నేర్పే తక్కువ హోదా సిబ్బంది అన్న విభజన పాతుకుపోయిందని అక్కడి భాషా సాహిత్య అధ్యాపకుల సంఘం మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ 2007లోనే తన నివేదికలో విమర్శించింది. దిద్దుబాటుపై శిక్షణ ఎవరికీ పట్టకపోవడానికి మూలం కూడా ఆ విభజనే. అది కింది అంతస్తు పని.

నా వాదన ఇది. టీఏలకు పరీక్షల గురించి నేర్పేటప్పుడు ప్రశ్నపత్రం తయారీతో మొదలుపెట్టి దిద్దుబాటుతో ముగించే వరుసను తిరగేయాలి. ముందు పేపర్లు దిద్దించాలి, అదీ నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒకే పేపరు మీద. ఆ తర్వాతే ప్రశ్నలు రాయించాలి. ప్రశ్నలో ఏ లోపం ఉందో దాన్ని రాసినవారికి రాసేటప్పుడు కనిపించదు, ముప్పై జవాబులు దిద్దేటప్పుడు కనిపిస్తుంది.

మార్కులు దిద్దే చేతిని బట్టి మారతాయన్న సంగతి కొత్తదేమీ కాదు. ఆర్థికవేత్త ఎడ్జ్‌వర్త్ 1890 ప్రాంతంలోనే ఒక లాటిన్ వచన రచనను 28 మంది సమర్థులైన పరీక్షకుల చేత దిద్దిస్తే, మార్కులు 45 నుంచి 100 దాకా వచ్చాయి. రాసినవాడు ఒక్కడే, రాసింది ఒక్కటే. 1912లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టార్చ్, ఇలియట్ అనే పరిశోధకులు హైస్కూలు ఇంగ్లిష్ జవాబు పత్రాలను 142 మంది ఉపాధ్యాయుల చేత దిద్దిస్తే, ఒక పత్రానికి 64 నుంచి 98 వరకు, మరొక దానికి 50 నుంచి 97 వరకు మార్కులు పడ్డాయి. వారంతా అనుభవమున్న ఉపాధ్యాయులే. మొన్నటిదాకా తామే విద్యార్థులుగా ఉండి, మొదటిసారి ఎర్ర పెన్ను పట్టిన టీఏల మధ్య తేడా ఇంతకన్నా తక్కువుంటుందని నమ్మడానికి ఆధారమేదీ లేదు.

తెలుగు పాఠకులకు 2019 తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తుండే ఉంటాయి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి 0 వేశారు. అది నమోదులో జరిగిన తప్పు, ఘోరమైన తప్పు, అయినా కంటికి కనిపించే తప్పు కాబట్టి చివరికి దొరికింది. పదహారు రావలసిన చోట పన్నెండు పడితే ఆ తప్పును పట్టుకునేవారెవరు? ఆ విద్యార్థి తనకు అంతే వచ్చుననుకుని సరిపెట్టుకుంటాడు. విదేశీ భాషా తరగతుల్లో జరిగే అన్యాయం ఎక్కువగా ఈ రెండో రకానిది, అది ఫిర్యాదుగా కూడా బయటికి రాదు.

ఈ చర్చను మనకు తెలిసిన భాషతో దగ్గరగా చూడవచ్చు. విస్కాన్సిన్‌తో సహా కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాల్లో తెలుగు విదేశీ భాషగా బోధించారు. ఫుల్‌బ్రైట్ భాషా బోధన సహాయకుల పథకం కింద ఇక్కడి నుంచి తెలుగు చెప్పడానికి వెళ్లినవారూ ఉన్నారు. మొదటి ఏడాది తరగతిలో ఒక టీఏ ఇలాంటి ప్రశ్న ఇచ్చారనుకుందాం: ‘నేను రేపు ఊరికి ______ (వెళ్ళు)’. తన దగ్గరున్న జవాబు ‘వెళ్తాను’. పేపర్లు చేతికొచ్చాక చూస్తే ఒకరు ‘వెళతాను’ అని రాశారు, ఇంకొకరు ‘వెళ్తా’ అని, మరొకరు ‘పోతాను’ అని. ఒకరు ‘వెల్తాను’ అని రాశారు. ఒకరు ‘వెళ్ళాను’ అన్నారు, అంటే పురుష ప్రత్యయం సరిగ్గానే వచ్చింది, కాలం తప్పింది. ఇంకొకరు ‘వెళ్తాడు’ అన్నారు, అంటే కాలం సరే, పురుష తప్పింది. ఇది ఒక మార్కు ప్రశ్న. ఈ ఆరుగురికీ ఎంతెంత ఇవ్వాలి? ఒంటరిగా దిద్దే టీఏ ఆ రాత్రి ఏదో ఒకటి తేల్చేస్తారు, ఇరవయ్యో పేపరు దగ్గరికొచ్చేసరికి మొదట తేల్చింది మరిచిపోతారు. నలుగురు కూర్చుని దిద్దితే మాత్రం తప్పనిసరిగా ఒక ప్రశ్న లేస్తుంది: అసలు ఈ ఖాళీతో మనం దేన్ని పరీక్షిస్తున్నాం, భవిష్యత్ కాలాన్నా, పురుషనా, ళకారాన్నా? దానికి జవాబు దొరికితే మార్కుల పంపకం దానంతటదే తేలుతుంది. అంతకన్నా ముఖ్యంగా, వచ్చే ఏడాది ప్రశ్న మారుతుంది. జర్మన్ తరగతిలో నామవాచకం ముందు ఖాళీ వదిలి ఆర్టికల్ రాయమన్నప్పుడు ఇదే చిక్కు. ఆ ఒక్క ఖాళీలో లింగం, విభక్తి రెండూ ఇమిడి ఉంటాయి. జవాబు తప్పయితే విద్యార్థికి ఏది రాలేదో దిద్దేవారికి తెలియదు. ప్రశ్న చివర లింగాన్ని ముందే సూచిస్తే ఈ చిక్కు పోతుందన్న ఆలోచన, నాలుగైదు పేపర్లు చేతిలో పెట్టుకుని తలపట్టుకున్నవారికే వస్తుంది.

అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలు ఇలాంటి తరగతిలో చేరినప్పుడు మరో సమస్య ముందుకొస్తుంది. కరీంనగర్ మూలాలున్న కుటుంబంలోని అమ్మాయి ‘మా తాత నిన్న వచ్చిండు’ అని రాస్తుంది. ఆమె ఇంట్లో విన్న తెలుగు అది, శుద్ధమైన తెలుగు. పాఠ్యపుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంది కాబట్టి గుంటూరు నుంచి వెళ్లిన టీఏ దాని కింద గీత గీసి మార్కు తగ్గిస్తే, ఆ అమ్మాయికి అందే సందేశం వ్యాకరణానికి సంబంధించింది కాదు, తన తాత మాట్లాడేది తప్పు అని. స్పానిష్ తరగతుల్లో మెక్సికో, కరీబియన్ కుటుంబాల పిల్లలకు ఈ అనుభవం దశాబ్దాలుగా ఉంది. ఏ మాండలికాన్ని ఒప్పుకోవాలి, ఏ సందర్భంలో ప్రామాణిక రూపం కోరాలి అన్నది టీఏ వ్యక్తిగత అభిరుచికి వదిలేయకూడని విషయం. దాన్ని శాఖ ముందుగా తేల్చి రాతపూర్వకంగా ఇవ్వాలి. మాతృభాష మాట్లాడేవారికి దిద్దుబాటులో శిక్షణ అవసరమేముందని అడిగేవారు ఇంకా ఉన్నారు. నాకు తెలిసినంతలో వారికే ఆ అవసరం ఎక్కువ, ఎందుకంటే తమ ఊరి చెవికి వింతగా వినిపించినదంతా తప్పనిపించే ప్రమాదం వారికే ఉంటుంది.

రూబ్రిక్, అంటే ఏ స్థాయి జవాబుకు ఎన్ని మార్కులో చెప్పే పట్టిక, చేతికిస్తే సరిపోతుందన్న నమ్మకం కూడా విస్తృతంగా ఉంది. రూబ్రిక్ అవసరమే. కానీ ‘పదజాలం బాగుంది’, ‘వ్యాకరణం ఫర్వాలేదు’ వంటి మాటలతో నింపిన పట్టిక ఎవరి అభిప్రాయాన్ని వారికే తిరిగి అప్పగిస్తుంది. విదేశీ భాషల బోధనకు సంబంధించిన అమెరికా సంస్థ యాక్ట్‌ఫుల్ 1986లో వెలువరించిన ప్రావీణ్య మార్గదర్శకాలను గానీ, 2001లో వచ్చిన యూరప్ ఉమ్మడి భాషా ప్రమాణాలను గానీ యథాతథంగా తెచ్చి తరగతి రూబ్రిక్‌గా వాడటం ఇంకో పొరపాటు. అవి ఏళ్ల తరబడి సాగే భాషాభ్యాసాన్ని కొలిచే కొలమానాలు. మొదటి సెమిస్టర్ విద్యార్థులు దాదాపు అందరూ వాటిలో అట్టడుగు మెట్టు మీదే ఉంటారు, వారి మధ్య తేడా ఆ కొలమానానికి అందదు. రూబ్రిక్‌కు ప్రాణం పోసేవి మచ్చు జవాబులు. ‘ఇది మూడో స్థాయి రచన, ఇందుకు’ అని చూపగలిగే అసలైన విద్యార్థి పత్రాలు పక్కన ఉన్నప్పుడే ఆ పట్టికలోని మాటలకు అందరికీ ఒకే అర్థం ఏర్పడుతుంది. పేరు కనపడకుండా దిద్దడం, పేపరు వారీగా కాక ప్రశ్న వారీగా దిద్దడం, రెండో ప్రశ్నకు వచ్చేసరికి కట్టలో వరుస మార్చడం వంటి చిన్న అలవాట్లకు పైసా ఖర్చు కాదు. అయినా ఎవరూ చెప్పకపోతే కొత్తవారికి తట్టవు.

మౌఖిక పరీక్ష అన్నింటిలోకీ కష్టమైనది. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంటి దగ్గర రాసుకొచ్చే వ్యాసాన్ని నమ్మి గ్రేడు ఇవ్వడం కష్టమైంది కాబట్టి, తరగతిలో మాట్లాడించి పరీక్షించడానికి ప్రాధాన్యం పెరుగుతోంది, పెరగాలి కూడా. యాక్ట్‌ఫుల్ మౌఖిక ఇంటర్వ్యూ 15 నుంచి 30 నిమిషాలు సాగుతుంది. దాన్ని నిర్వహించేవారు ప్రత్యేక శిక్షణ పొంది ధ్రువపత్రం తీసుకున్నవారు, రికార్డింగును రెండో వ్యక్తి విడిగా విని స్థాయి నిర్ణయిస్తారు. మన టీఏ దగ్గర ఇరవై మంది విద్యార్థులుంటారు, ఒక్కొక్కరికి పది నిమిషాలు కేటాయించినా మూడు గంటలు దాటుతుంది. ఆ హడావిడిలో జరిగేది ఏమిటంటే, విద్యార్థి క్రియ కోసం తడుముకుంటుండగా మంచి మనసున్న టీఏ ఆ క్రియను తానే అందిస్తారు, వాక్యం పూర్తవుతుంది, చివర ‘ధారాళంగా మాట్లాడాడు’ అని మార్కు పడుతుంది. కాస్త బిగుసుకుని కూర్చునే టీఏ దగ్గర అదే విద్యార్థికి రెండు మెట్లు తక్కువ వస్తుంది. తన పరీక్ష రికార్డింగును తానే విని, తన మాటలెన్ని, విద్యార్థి మాటలెన్ని అని ఒక్కసారి చూసుకున్న టీఏ ఆ తర్వాత ఎప్పుడు ఆగాలో నేర్చుకుంటారు. ఇంతకు మించిన శిక్షణ పాఠం నాకు తోచడం లేదు.

పరీక్ష ఎలా ఉంటే చదువు అలాగే ఉంటుందనడానికి మన ఊళ్లలోనే రుజువుంది. జపనీస్ ప్రావీణ్య పరీక్ష జేఎల్‌పీటీలో మాట్లాడించడం గానీ, సొంతంగా రాయించడం గానీ లేదు, అన్నీ గుర్తుపట్టి ఎంచుకునే ప్రశ్నలే. ఆ సర్టిఫికెట్ ఒక్కటే గురిగా పెట్టుకుంటే తరగతిలో మాట్లాడించడం వెనకబడటం సహజం. జర్మన్ నేర్పే గోథే సంస్థ పరీక్షల్లో మాట్లాడటం, రాయడం విడి భాగాలుగా ఉంటాయి, వాటిని ఇద్దరు పరీక్షకులు విడివిడిగా అంచనా వేస్తారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ, జపాన్ ఆసుపత్రుల కోసం భాష నేర్చుకుంటున్న నర్సులకు ఈ తేడా జీవితాల్లోకి వస్తుంది. రోగి మంచం పక్కన నిలబడి వారు చేయవలసింది నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం కాదు, మాట్లాడటం.

శిక్షణకు అడ్డొచ్చేది చివరికి సమయం, అంటే డబ్బు. సగం నియామకంపై ఉన్న టీఏ వారానికి 20 గంటలు పనిచేయాలి. ఎఫ్‌-1 విద్యార్థి వీసాపై ఉన్నవారు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో అంతకు మించి పనిచేయడానికి చట్టమే ఒప్పుకోదు. పాఠానికి తయారవడం, చెప్పడం, ఆఫీసు వేళలు, ఈమెయిళ్లు పోగా దిద్దుబాటుకు మిగిలేది తన చదువు నుంచి, నిద్ర నుంచి తీసిన సమయమే. 2022 నవంబర్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టీఏలు, పరిశోధకులు సహా 48,000 మంది సమ్మెకు దిగినప్పుడు ప్రధానంగా జీతాల గురించే మాట్లాడారు. ఆ జీతం ఎన్ని గంటల పనికి అన్న ప్రశ్న దాని వెనుకే ఉంది. కలిసి దిద్దే సమావేశాలను ఆ 20 గంటల్లో లెక్కించకుండా ‘వృత్తిపరమైన ఎదుగుదల’ పేరుతో అదనంగా మోపితే, టీఏలు వాటిని శిక్షగానే చూస్తారు, వారిని తప్పుపట్టడానికి వీల్లేదు. మరోవైపు, అమెరికాలో ఇంగ్లిషేతర భాషా కోర్సుల్లో చేరేవారి సంఖ్య 2016, 2021 మధ్య 16.6 శాతం తగ్గిపోయింది. భాషా విభాగాలు మూతపడే పరిస్థితుల్లో ఖర్చు పెంచమని అడగడం తేలిక కాదని తెలుసు. అయితే నిబంధన కోసం ఒక సెమిస్టర్ చదివి, గ్రేడు అన్యాయంగా పడిందన్న భావనతో వెళ్లిపోయిన విద్యార్థి రెండో సెమిస్టర్‌కు తిరిగి రాడు. ఆ లెక్క కూడా చూసుకోవాలి.

టీఏలు రెండు మూడేళ్లకు మారిపోతారు, వారితో పాటు నేర్చుకున్నదీ వెళ్లిపోతుంది. అందుకని ప్రతి శాఖ దగ్గర ఒక ఫైలు ఉండాలి. విద్యార్థుల అనుమతితో, పేర్లు తీసేసిన జవాబు పత్రాల నకళ్లు, వాటికి అందరూ ఒప్పుకుని వేసిన మార్కు, ఆ మార్కు ఎందుకో రెండు వాక్యాల వివరణ, పక్కన ఆ ప్రశ్నలో బయటపడిన లోపం. ఆగస్టులో వచ్చే కొత్త టీఏ ముందు ఆ మార్కులు చూడకుండా పత్రాలు దిద్దాలి, తర్వాత తెరిచి పోల్చుకోవాలి. సమన్వయకర్త ప్రొఫెసర్ కూడా అదే బల్ల దగ్గర కూర్చుని, అవే పత్రాలు దిద్ది, తన మార్కులు అందరి ముందు పెట్టాలి. ఓరియంటేషన్‌లో ఇందుకు ఒక పూట, మధ్యంతర పరీక్షకు, చివరి పరీక్షకు ముందు ఒక్కొక్క సమావేశం, ఆ గంటలకు జీతం లెక్కలో చోటు. విభాగాధిపతులు వచ్చే విద్యా సంవత్సరం ప్రణాళిక రాసేటప్పుడే ఈ మూడింటినీ అందులో చేర్చాలి.