ఆపేసిన ఫోన్ తెచ్చే తలనొప్పిపై కొన్ని గంభీర ప్రతిపాదనలు

మొబైల్ ఫోన్ సిగ్నళ్లవల్ల తలనొప్పి వస్తుందా రాదా అన్న వివాదంలో ఇంతకాలంగా ఇరుపక్షాలూ ఒక ముఖ్యమైన ముద్దాయిని గాలికొదిలేశాయని ఎంతో బాధతో, అంతకు మించిన బాధ్యతతో మనవి చేస్తున్నాను. సిగ్నల్ తగిలితే తల పగిలిపోతుందని ఒక పక్షం, తగిలినా ఏమీ కాదని మరో పక్షం గొంతు చించుకుంటున్నాయే తప్ప, అసలు సిగ్నలే లేనప్పుడు పుట్టే తలనొప్పిని పట్టించుకున్న నాథుడు లేడు. గత ఇరవై ఏళ్లలో ప్రయోగశాలల్లో పోగుపడిన సాక్ష్యాన్ని ఓపిగ్గా చదివితే మాత్రం, లేని సిగ్నల్ ఉన్న సిగ్నల్‌కు ఏ విషయంలోనూ తీసిపోదని ఎవరికైనా బోధపడుతుంది.

2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధననే తీసుకుందాం. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్న కాసేపటికే తల నొస్తుందని చెప్పే 60 మందినీ, అలాంటి బాధ లేని మరో 60 మందినీ పిలిచి, ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి, తలకు ఫోన్ అమర్చి, 50 నిమిషాల చొప్పున ఒక విడతలో అసలైన 900 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌నూ, మరో విడతలో ఏమీ లేని ఉత్తుత్తి సిగ్నల్‌నూ ఇచ్చారు. ఎప్పుడు ఏది నడుస్తోందో కుర్చీలో కూర్చున్నవారికీ తెలియదు, ఎదురుగా కూర్చుని రాసుకునేవారికీ తెలియదు. నిమిషాలు గడిచేకొద్దీ తలనొప్పి పెరిగింది, విడత ముగియగానే తగ్గింది. ఇంతవరకూ అంతా ఫిర్యాదుదారులు చెప్పినట్టే జరిగింది. కాకపోతే ఉత్తుత్తి సిగ్నల్ విడతలోనూ అలాగే పెరిగింది, అలాగే తగ్గింది. కొందరికైతే ఆ ఉత్తుత్తి దానితోనే తీవ్రమైన బాధలు మొదలయ్యాయి. ఇప్పుడు సిగ్నల్ వస్తోందా అని అడిగితే, ఫోన్ పడదని చెప్పుకున్నవారిలో నిజంగా వస్తున్నప్పుడు అవునన్నవారు 60 శాతం, ఏమీ రానప్పుడు అవునన్నవారు 63 శాతం. అంటే మూడు శాతం ఆధిక్యంతో శూన్యమే గెలిచింది. ఆ తేడాకు అర్థమేమీ లేదని గణాంక శాస్త్రజ్ఞులు కొట్టిపారేస్తారు గాని, ఓడిన పక్షంవాళ్లు ఎప్పుడూ అలాగే అంటారు.

మరుసటి ఏడాది నార్వే పరిశోధకులు ఇంకా నిక్కచ్చిగా వెళ్లారు. ఫోన్‌లో కాస్త ఎక్కువసేపు మాట్లాడితే చాలు తల నొస్తుందని చెప్పే 17 మందిని మాత్రమే ఎంచుకుని, అసలు ఒకటి, ఉత్తుత్తి ఒకటి చొప్పున 65 జతల పరీక్షలు పెట్టారు. 68 శాతం పరీక్షల్లో నొప్పో అసౌకర్యమో పెరిగింది. ఆ పెరుగుదలకు మాత్రం సిగ్నల్ ఉందా లేదా అన్నదానితో పొత్తు కుదరలేదు. 2010 నాటికి ఇలాంటి పరీక్షలు 46 జరిగాయి, ఈ తరంగాలు తమకు పడవని చెప్పుకునేవారే మొత్తం 1175 మంది వాటిలో పాల్గొన్నారు. ఆ ఫలితాలన్నీ ఒకచోట పెట్టి చూసినా, తమకు సిగ్నల్ పడదనేవారు సిగ్నల్ ఉన్నదీ లేనిదీ పసిగట్టగలరనడానికి గాని, సిగ్నల్ ఉన్నప్పుడే బాధ ఎక్కువవుతుందనడానికి గాని గట్టి ఆధారం దొరకలేదు. తొందరపాటు మనుషులు దీన్నిబట్టి సిగ్నల్ నిర్దోషి అని తీర్పు చెప్పేస్తారు. ఈ వ్యాసకర్త అంత తేలిగ్గా మోసపోయే రకం కాదు. స్విచ్చి ఆపేసినా పని చేసే ఆయుధం, స్విచ్చి వేస్తే పని చేసే ఆయుధంకన్నా ఎన్ని రెట్లు ప్రమాదకరమో మీరే ఆలోచించండి.

అందుచేత నా మొదటి ప్రతిపాదన మోతాదుకు సంబంధించినది. ఫోన్ నుంచి తల పీల్చుకునే శక్తి, పది గ్రాముల కణజాలంమీద సగటు కట్టి చూస్తే, కిలోకు 2 వాట్లు మించరాదని ఇలాంటి పరిమితులు సూచించే అంతర్జాతీయ సంఘం ఐసీఎన్ఐఆర్‌పీ ఉన్న సిగ్నల్‌కు హద్దు పెట్టింది. లేని సిగ్నల్‌కు ఏ హద్దూ లేదు! సున్నా వాట్లకే మనుషులు కుర్చీలో కూర్చుని కణతలు నొక్కుకుంటున్నప్పుడు, తక్షణం సున్నాను సగానికి తగ్గించాలి. దశలవారీగా పావుకు తేవాలి.

రెండో ప్రతిపాదన హెచ్చరిక బోర్డులది. “ఇచ్చట సిగ్నల్ లేదు, జాగ్రత్త” అని పెద్ద అక్షరాలతో రాయించాలని మొదట అనుకున్నాను గాని, 2013లో వెలువడిన ఒక ప్రయోగం చూశాక చేతులు ఆడలేదు. అందులో 147 మందిని రెండుగా విడదీసి, ఒక వర్గానికి వైఫై హాని చేస్తుందని చెప్పే టీవీ కార్యక్రమాన్నీ, రెండో వర్గానికి దానితో సంబంధంలేని మరో కార్యక్రమాన్నీ చూపించారు. ఆ తర్వాత అందరికీ వైఫై పెడుతున్నామని చెప్పి, పావుగంటసేపు ఏమీ పెట్టలేదు. సగానికి పైగా జనం తమకు ఏదో ఒక బాధ కలిగిందనీ, అది వైఫైవల్లేననీ చెప్పారు. ముందునుంచే కాస్త ఆందోళన స్వభావం ఉండి, పైగా ఆ భయపెట్టే కార్యక్రమం చూసినవారు మరింతగా చెప్పారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుగా శరీరం ఎంత విధేయంగా స్పందించిందో చూడండి! మందు లేని మాత్ర నమ్మకంతో నొప్పిని తగ్గించడాన్ని ప్లసీబో అంటారు కదా, దానికి తలకిందులుగా నడిచే ఈ వ్యవహారానికి వైద్యులు నొసీబో అని పేరు పెట్టుకున్నారు. అంటే మనం హెచ్చరిక బోర్డు పెడితే ఆ బోర్డుకే తల నొస్తుంది. బోర్డును చూసి జాగ్రత్త పడమని ఇంకో బోర్డు పెట్టాల్సి వస్తుంది. ఈ ప్రతిపాదనను ప్రస్తుతానికి ఉపసంఘానికి అప్పగిస్తున్నాను.

ఇక పారిపోవడం ఒక మార్గమని కొందరంటారు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా ప్రాంతంలో రేడియో టెలిస్కోపులకు అంతరాయం కలగకూడదని 1958లో 13 వేల చదరపు మైళ్ల మేర రేడియో నిశ్శబ్ద మండలాన్ని ఏర్పాటు చేశారు. అందులోని గ్రీన్ బ్యాంక్ అనే ఊరికి సిగ్నల్ బాధితులు కొందరు మూటాముల్లే సర్దుకుని వెళ్లి స్థిరపడ్డారు. వారి బాధను నేను తక్కువచేయడం లేదు గాని, పైన చెప్పిన సాక్ష్యాల వెలుగులో చూస్తే, లేని సిగ్నల్ ప్రపంచంలోకెల్లా అత్యధిక సాంద్రతతో ఉండే చోటికే వారు వెళ్లారని చెప్పక తప్పదు.

ఉన్న సిగ్నల్ సంగతి కూడా న్యాయంగా విచారించాలి. భౌతిక శాస్త్రవేత్తలు దాని తరఫున చెప్పే వాదన ఏమిటంటే, 900 మెగాహెర్ట్జ్ తరంగంలోని ఒక్కో కణికకు ఉండే శక్తి మన కంటికి కనిపించే ఆకుపచ్చ వెలుగు కణికలో సుమారు ఆరు లక్షలో వంతు మాత్రమే, అది అణువుల బంధాలను తెంచలేదు, మహా అయితే కణజాలాన్ని రవ్వంత వేడి చేయగలదు. 4జీ ఫోన్ గరిష్ఠంగా విడుదల చేసేది 0.2 వాట్లు. అదే ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి బయటికొస్తుంది, అందులో పెద్ద భాగం పరారుణ కిరణాలుగా వస్తుంది, అవీ విద్యుదయస్కాంత తరంగాలే, పైగా కణికకు కణిక ఫోన్ తరంగంకంటే దాదాపు 30 వేల రెట్లు బలమైనవి. ఈ లెక్క ప్రకారం నిషేధించాల్సినది ఫోన్‌ను కాదు, పక్కన కూర్చున్న మనిషిని. పక్కన కూర్చున్నవారివల్ల తలనొప్పి రావడం గురించి మాత్రం నాకు వేరే సాక్ష్యాలేవీ అక్కర్లేదు.

టవర్ల విషయంలో మన పోరాట నీతి మరీ ముచ్చటైనది. టవర్ దగ్గరగా ఉంటే ఫోన్ గుసగుసలాడి పని కానిస్తుంది, దూరమైతే అరుస్తుంది. పాత 2జీ ఫోన్లయితే అవసరాన్నిబట్టి తమ శక్తిని దాదాపు వెయ్యి రెట్ల తేడాతో పెంచుకోగలవు, తగ్గించుకోగలవు. ఎక్కడో ఉన్న టవర్ నుంచి తలకు చేరేదానికంటే చెవికి ఆనించుకున్న ఫోన్ నుంచి చేరేది చాలా ఎక్కువ. కనుక టవర్ వద్దని గట్టిగా పోరాడి, దాన్ని దూరానికి తరిమి, ఆ విజయవార్తను అందరికీ ఫోన్ చేసి గంటలకొద్దీ చెప్పేవారు తమ తలకు తగిలే మోతాదును తామే పెంచుకుంటున్నారు. ప్రజా ఉద్యమాల చరిత్రలో ఇంతటి ఆత్మత్యాగం అరుదు. (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2011లో ఈ తరంగాలను 2బి వర్గంలో చేర్చిన కాగితాన్ని ఈ సందర్భంగా ఎవరో ఒకరు తప్పక ఊపుతారు. అది క్యాన్సర్ అవకాశం గురించిన జాబితా. కలబంద ఆకు సారం కూడా ఆ వర్గంలోనే ఉంది. అందులో తలనొప్పి ప్రస్తావన లేదు.)

ఫోన్ ఎక్కువగా వాడేవారికి తలనొప్పి ఎక్కువని తేలలేదా అంటే, తేలింది. స్వీడన్, ఫిన్లాండ్‌లలో 24 వేలమందికి పైగా మనుషులను కొన్నేళ్లు అనుసరించిన అధ్యయనం 2019లో వెలువడింది. అందరికంటే ఎక్కువసేపు ఫోన్లో మాట్లాడేవారిలో వారంవారం తలనొప్పితో బాధపడేవారు కొంచెం ఎక్కువగానే కనిపించారు. మన పక్షం గెలిచిందని నేను చప్పట్లు కొట్టేలోపే పరిశోధకులు ఒక పానకంలో పుడకను బయటికి తీశారు: 3జీ ఫోన్ మాట్లాడేటప్పుడు 2జీ ఫోన్‌కంటే ఎన్నో రెట్లు తక్కువ తరంగశక్తిని వెలువరిస్తుంది, తప్పు తరంగానిదే అయితే 3జీవాళ్ల తలలు హాయిగా ఉండాలి, కాని వాళ్లకూ అదే తలనొప్పి. కాబట్టి ఫోన్ వాడకంతోపాటు వచ్చే మరేదో కారణం ఉందని వాళ్లు తేల్చారు.

ఆ మరేదో ఏమిటో చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. అర్ధరాత్రి దాటింది. గదిలో దీపం లేదు. రెండు దిండ్లమీద తల పెట్టి, గడ్డం ఛాతీకి ఆనేలా మెడ వంచి, ముక్కుకు జానెడు దూరంలో ఫోన్ పట్టుకుని ఒక మనిషి పడుకున్నాడు. తెల్లటి వెలుగు కళ్లలో పడుతోంది, రెప్ప వేయడం మరిచిపోయాడు, బొటనవేలు ఒక్కటే కదులుతోంది. రేపు ఉదయానికల్లా నివేదిక కావాలని పైఅధికారి పంపిన సందేశం చూశాడు, దానికి జవాబివ్వకుండా, సెల్ తరంగాలు మెదడును ఎలా నాశనం చేస్తాయో వివరించే వీడియోను మూడోసారి చూస్తున్నాడు. కణతల దగ్గర సన్నగా మొదలైంది. చూశావా, చెప్పారు కదా, అనుకున్నాడు. నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోలుండే తల, 60 డిగ్రీలు ముందుకు వంగితే మెడమీద సుమారు 27 కిలోల భారం మోపుతుందని 2014లో ఒక వెన్నెముక శస్త్రవైద్యుడు లెక్కగట్టాడు. మెదడుకు సొంతంగా నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది దాని చుట్టూ ఉన్న పొరలకూ, రక్తనాళాలకూ, నెత్తిమీదా మెడలోనూ ఉన్న కండరాలకూ. ఆ కండరాలు ఈ మనిషికి చాలాసేపటినుంచి విన్నవించుకుంటూనే ఉన్నాయి.

ఇక్కడే నాకు గట్టి అభ్యంతరం ఉంది. మెడనూ, నిద్రలేమినీ, మిటకరించిన కళ్లనూ, పైఅధికారి సందేశాన్నీ దోషులుగా నిలబెడితే శిక్ష ఎవరికి పడుతుంది? మనకే. ఫోన్ పక్కన పెట్టాలి, వేళకు పడుకోవాలి. తరంగాన్ని దోషిగా నిలబెడితే మనం మార్చుకోవాల్సింది ఏమీ ఉండదు, ఫోన్ చేతిలోనే ఉంటుంది, దానిమీద ఫిర్యాదు కూడా దానితోనే చేసుకోవచ్చు. తరంగం కనిపించదు, ఎదురు చెప్పదు, వకీలును పెట్టుకోదు. ఇంత యోగ్యమైన ముద్దాయిని వదులుకోవడం అవివేకం.

ఒక్క విషయంలో మాత్రం నేను హాస్యానికి సెలవిస్తున్నాను. తాడును చూసి పామనుకున్నవాడి గుండెదడ నిజమైనదే. ఈ బాధితుల లక్షణాలు నిజమైనవేనని, కొందరిని మంచాన పడేసేంత తీవ్రంగానూ ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే చెప్పింది; వాటిని విద్యుదయస్కాంత క్షేత్రాలకు ముడిపెట్టే శాస్త్రీయ ఆధారం లేదని కూడా అదే పత్రంలో చెప్పింది. నటిస్తున్నావని అనడం ఎంత తప్పో, తరంగమే కారణమని తల ఊపి పంపేయడం అంతే తప్పు, ఎందుకంటే ఆ రెండో దానివల్ల అసలు కారణానికి వైద్యం అందకుండా పోతుంది. పదేపదే వచ్చే తలనొప్పికి వెళ్లవలసింది వైద్యుడి దగ్గరకే.

వైద్యుడి దగ్గరకు వెళ్లేలోపు దారిలో కవచాల అంగడి తగులుతుంది. ఫోన్‌కు అతికించే బిళ్లలు, మెడలో వేసుకునే హారాలు, తలకు కప్పుకునే వెండి జాలీలు అక్కడ దొరుకుతాయి. సిగ్నల్‌ను కొంతమేర అడ్డుకునే కవచమైతే, ఫోన్ మరింత గట్టిగా అరవాల్సి వస్తుంది; అసలేమీ అడ్డుకోని కవచమైతే కనీసం ఆ ఇబ్బంది లేదు. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ, 5జీ నుంచి కాపాడతాయంటూ అమ్మిన హారాలు, చేతి కడియం, నిద్రలో కళ్లకు కట్టుకునే గంత వంటి పది వస్తువులను పరీక్షించి, అవి అణుధార్మిక వస్తువులని తేల్చింది. అణువులను విడగొట్టగల అసలు సిసలు వికిరణం ఆ హారాల్లోంచే వస్తోందనీ, తీసేసి భద్రంగా పక్కన పెట్టమనీ కొన్నవారికి చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి నా మూడో ప్రతిపాదన ఈ అంగడికి సంబంధించినది. లేని సిగ్నల్‌కు సరైన విరుగుడు లేని కవచమే. అందంగా ముద్రించిన ఖాళీ పెట్టెను అమ్మకానికి పెట్టాలి. అందులో ధార్మికత ఉండదు, ఫోన్ పనికి అడ్డురాదు, గడువు తీరదు. ధర మాత్రం నిజమైనదే ఉండాలి, గట్టిగానే ఉండాలి. ఎందుకంటే ఖరీదైనదని చెప్పి ఇచ్చిన మందులేని మాత్ర, చవకదని చెప్పి ఇచ్చిన అదే మాత్రకంటే ఎక్కువమందికి నొప్పి తగ్గించిందని 2008లో ప్రచురితమైన ఒక ప్రయోగం చెబుతోంది.