పద్నాలుగో లూయీకి ఎదురే లేదా? ఉప్పు సంగతి చూడండి

పోటీ పరీక్షల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇది: "ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 'నేనే రాజ్యం' అన్నాడు. ఆయన నోటి మాటే చట్టం. ఎంత పన్ను కావాలంటే అంత వేశాడు. ప్రభువులందర్నీ వర్సెయిల్స్ ప్యాలెస్‌లో బంధించాడు. అప్పట్లో యూరప్ అంతా ఇదే నిరంకుశత్వం." బిట్ పేపర్‌కి బాగానే పనికొస్తుంది. ఒక్కో ముక్కా పట్టి చూస్తేనే ఇబ్బంది.

ముందు ఆ డైలాగ్. 1655 ఏప్రిల్ 13న పారిస్ పార్లమాలో అన్నాడంటారు. పార్లమా అంటే మన పార్లమెంటు లాంటిది కాదు, పెద్ద కోర్టు. రాజు శాసనాలు అక్కడ రిజిస్టరు కావాలి. ఆ రోజు పదహారేళ్ల లూయీ వేట దుస్తుల్లోనే వచ్చి జడ్జీలను గద్దించిన మాట నిజమే. కానీ అప్పటివాళ్లు రాసిన వాటిలో "నేనే రాజ్యం" అన్న మాట ఎక్కడా లేదు. 1715లో మంచం పట్టినప్పుడు ఆయన అన్నట్టు ఆస్థానంలోని డాంజో తన డైరీలో రాసుకున్న మాట దీనికి పూర్తిగా విరుద్ధం: "నేను వెళ్లిపోతున్నాను, రాజ్యం మాత్రం ఎప్పటికీ ఉంటుంది."

"నోటి మాటే చట్టం" అన్నదాంట్లో కొంత నిజముంది, కాదనను. 1614 తర్వాత జాతీయ ప్రతినిధుల సభ 1789 దాకా ఒక్కసారీ జరగలేదు. ముందు రిజిస్టరు చేయండి, అభ్యంతరాలు తర్వాత చెప్పుకోండి అని 1673లో లూయీ పార్లమా నోరు కట్టేశాడు. 1685లో ప్రొటెస్టెంట్ల హక్కులు రద్దు చేస్తే సుమారు రెండు లక్షల మంది దేశం వదిలిపోయారు. ఇంతా చేసి పార్లమా జడ్జీలను ఉద్యోగంలోంచి తీసేయగలిగాడా? లేదు. ఎందుకంటే ఆ పదవులు వాళ్లు డబ్బుపోసి కొనుక్కున్నవి. పదవి విలువలో అరవయ్యో వంతు ఏటా ఖజానాకు కడితే కొడుక్కి కూడా దక్కేది. ఈ ఏర్పాటు 1604 నాటిది. తీసేయాలంటే కొన్న సొమ్ము తిరిగివ్వాలి, యుద్ధాలకే చాలని ఖజానాలో అంత ఎక్కడిది? ఇక రాజు తన సొంత మనుషులుగా జిల్లాల మీదికి పంపిన అధికారులు రెండు కోట్ల జనాభాకి ముప్పై మంది చిల్లర.

అసలు తమాషా పన్నుల్లో ఉంది. ఉప్పునే తీసుకోండి. పారిస్ చుట్టుపక్కల ఉత్తర ఫ్రాన్స్‌లో ఎనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషి లెక్కనా ఏడాదికి దాదాపు మూడున్నర కిలోల ఉప్పు సర్కారు గోదాము నుంచి కొని తీరాలి, సర్కారు చెప్పిన ధరకే. అదీ వంటకీ, కంచంలోకీ మాత్రమే. పంది మాంసం ఊరబెట్టాలంటే మళ్లీ వేరేగా కొనాలి. పక్కనే బ్రిటనీ ప్రాంతం ఉంది. అక్కడ ఈ పన్నే లేదు! 1532లో ఫ్రాన్స్‌లో కలిసేటప్పుడు రాయించుకున్న హక్కులు వాళ్లవి. ఒకే రాజు, ఒకే దేశం, సరిహద్దు దాటితే ఉప్పు ధర ఎన్నో రెట్లు. దాంతో దొంగ ఉప్పు పెద్ద వ్యాపారమైంది. ఆడవాళ్లు పావడాల కింద మోశారు, కుక్కలకు కూడా మూటలు కట్టి తోలారు. దొరికితే జరిమానా, కట్టలేకపోతే గ్యాలీ ఓడల్లో తెడ్డు లాగే శిక్ష.

మరి బ్రిటనీ మీద కూడా ఆ పన్ను వేసేస్తే పోయేది కదా? 1675లో స్టాంపు కాగితం, పొగాకు మీద కొత్త పన్నులు పడ్డాయి. ఉప్పు పన్ను కూడా వస్తోందని పుకారు లేచింది. అంతే, రెన్ పట్నంలో అల్లర్లు, పల్లెల్లో ఎర్రటోపీలు పెట్టుకున్న రైతుల తిరుగుబాటు. లూయీ సైన్యాన్ని దించి అణిచేశాడు, రెన్‌లోని ప్రాంతీయ పార్లమాను వాన్ పట్నానికి తరిమాడు. ఉప్పు పన్ను మాత్రం బ్రిటనీలో తర్వాత కూడా వేయలేదు. లాంగ్‌డాక్, బర్గండీ లాంటి చోట్ల అయితే ప్రాంతీయ సభలతో బేరమాడి పన్ను తీసుకోవాల్సిందే. చర్చి ఇచ్చే సొమ్ముకైతే పేరే "స్వచ్ఛంద కానుక". బేరమాడే బలం లేని రైతు మీదే భారమంతా పడింది.

వర్సెయిల్స్ మాట రెండు ముక్కల్లో తేల్చేద్దాం. ఆస్థానం అక్కడికి చేరింది 1682లో. నౌకర్లు, వంటవాళ్లతో కలిపి లెక్కేసినా అక్కడ ఉన్నది పదివేల మంది. దేశంలో ప్రభువంశీకులు లక్షకు పైనే. ఎక్కువమంది తమ ఊళ్లలోనే ఉన్నారు. వచ్చినవాళ్లు కూడా పింఛన్లకీ, సైన్యంలో పదవులకీ ఎగబడి వచ్చినవాళ్లే.

"యూరప్ అంతా" అంటే మరీ అన్యాయం. ఇంగ్లండ్ 1649లో తన రాజు తల నరికింది. డచ్చివాళ్లది రిపబ్లిక్. పోలండ్‌లో రాజును ప్రభువులే ఎన్నుకునేవారు. రాజుకు ఎదురులేదని రాతపూర్వకంగా చట్టం చేసింది డెన్మార్క్, 1665లో. బిట్ పేపర్లలో దాని ఊసే ఉండదు.

చివరికి లూయీ వీలునామా ఏమైందో చూడండి. వారసుడు అయిదేళ్ల మునిమనవడు. పాలన ఎవరి చేతుల్లో ఉండాలో రాసి, ముద్ర వేసి, 1714లో పార్లమాకే అప్పగించాడు. వాళ్లు దాన్ని గోడలో గూడు తొలిచి, ఇనుప తలుపు బిగించి, మూడు తాళాలు వేసి భద్రపరిచారు. 1715 సెప్టెంబర్ 1న రాజు పోయాడు. మర్నాడే అదే పార్లమా దాన్ని తెరిచి చదివి, పక్కన పడేసి, లూయీ తమ్ముడి కొడుకైన ఓర్లియన్స్ ప్రభువుకి పాలనాధికారం కట్టబెట్టింది. ఆయన కూడా బాకీ ఉంచుకోలేదు. రిజిస్టరుకి ముందే అభ్యంతరం చెప్పే, 1673లో పోయిన హక్కును రెండు వారాల్లో వాళ్లకు తిరిగిచ్చేశాడు.