ఎంఆర్ఐలో నైట్రిక్ ఆక్సైడ్ కనిపిస్తుందట!

కర్నూలులో ఉదయపు నడకకు వచ్చే మా మిత్రుల వాట్సాప్ బృందంలో ఒకే సందేశం తిరిగి తిరిగి వస్తోంది. దాని సారాంశం ఇది: ఎంఆర్ఐ తీయించుకుంటే ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ (రక్తనాళాలను సడలించే వాయువు) ఎంతుందో తేలిపోతుంది, ఈ స్కానుకే 1998లో నోబెల్ వచ్చింది, గాడోలినియం మందు ఎక్కిస్తే ఆ వాయువు మెరుస్తుంది, రిపోర్టు బాగుంటే గుండె మాత్రలు మానేసి బీట్‌రూట్ పొడి వాడుకోవచ్చు.

నోబెల్ సంగతి చిన్నది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు బహుమతి వచ్చింది రక్తనాళాలను సడలించే సంకేతంగా నైట్రిక్ ఆక్సైడ్ పనిచేస్తుందని కనుగొన్నందుకు. ఎంఆర్ఐకి వచ్చినది 2003లో, లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు. గాడోలినియం కూడా తన చుట్టూ ఉన్న నీటి సంకేతాన్ని మారుస్తుందే తప్ప, నైట్రిక్ ఆక్సైడ్‌ను గుర్తుపట్టదు.

ఆసుపత్రిలోని ఎంఆర్ఐ వినేది ప్రధానంగా నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ సంకేతాన్ని. నైట్రిక్ ఆక్సైడ్‌లో ఒక నైట్రోజన్, ఒక ఆక్సిజన్ తప్ప హైడ్రోజన్ ఊసే లేదు. పైగా అది కణజాలంలో నానోమోలార్ స్థాయిలో, అంటే అత్యంత స్వల్పంగా ఉండి, కొద్ది సెకన్లలోనే మాయమవుతుంది. రక్తంలోకి వస్తే హిమోగ్లోబిన్ దాన్ని అంతకంటే వేగంగా మింగేస్తుంది. నిమిషాల తరబడి సాగే స్కాను అంత కొద్దిపాటి వాయువును, అంత తక్కువ సేపట్లో పట్టుకుంటుందని నమ్మేవారి విశ్వాసానికి నమస్కరించవలసిందే.

అయితే ఆ మాటలో ఆవగింజంత నిజం ఉందని ఒప్పుకోవాలి. నైట్రిక్ ఆక్సైడ్‌ను బంధించే ఇనుప డైథయోకార్బమేట్ సంయోగాన్ని ఎలుకలకు ఎక్కించి, ఏర్పడిన అయస్కాంత గుణం గల పదార్థం వల్ల చుట్టూ ఉన్న నీటి సంకేతం ఎలా మారుతుందో పరిశోధకులు ఎంఆర్ఐలో చూశారు. అది అందమైన ప్రయోగమే. కానీ అక్కడ కనిపించేది ఉచ్చులో పోగైన వాయువు ప్రభావం. నంద్యాల నుంచో ఆదోని నుంచో వచ్చి స్కాను తీయించుకునే మనిషికి ఆ ఉచ్చును ఎక్కించరు, కాబట్టి ఆ రిపోర్టులో నైట్రిక్ ఆక్సైడ్ అంకె ఉండదు.

ఇక మాత్రలు మానేయమన్న మాట. ఇది అజ్ఞానం కాదు, అపాయం. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర ఒంట్లో చేసే పనే నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి రక్తనాళాలను సడలించడం. అంటే నైట్రిక్ ఆక్సైడ్ కోసం నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చే మందునే పారేయమని ఈ పండితుల ఉపదేశం! మెటోప్రోలాల్, అటెనోలాల్ వంటి గుండె మాత్రలు ఉన్నట్టుండి ఆపితే, గుండె జబ్బు ఉన్నవారికి ఛాతీనొప్పి తిరగబెట్టవచ్చు, గుండెపోటే రావచ్చు. ఇంట్లో పెద్దవారికి ఈ సందేశం పంపిన మిత్రులు, వారి మాత్రల డబ్బా ఇంకా ఖాళీ అవుతోందో లేదో ఈ సాయంత్రమే చూసి రావాలి. స్కాను రిపోర్టు చదవడం రాకపోయినా అంతమాత్రం చేయగలరు.

బీట్‌రూట్‌ను మాత్రం నేను తిట్టను. అందులోని నైట్రేట్‌ను నోటిలోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, దాని నుంచి ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. ఆ రసం రక్తపోటును కొద్దిగా తగ్గిస్తుందని పరీక్షల్లో కనిపించింది. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు వైద్యుణ్ణి అడిగి, మిగిలినవారు మాత్రలతో పాటు తీసుకోవచ్చు. రక్తపోటు తగ్గిందో లేదో చెప్పడానికి జబ్బకు పట్టీ చుట్టే యంత్రం చాలు, ఎంఆర్ఐ అక్కరలేదు.