సవరణ: స్టీల్‌హెడ్ వేరే జాతి కాదు

అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో ఉన్న డెషూట్స్ నదిలో వేసవి ఫ్లై ఫిషింగ్ (పురుగులా కట్టిన తేలికపాటి ఎరతో చేపలు పట్టడం) గురించి ఇంతకుముందు రాసినదానిలో తప్పులు దొర్లాయి. స్టీల్‌హెడ్ అనే చేప రెయిన్‌బో ట్రౌట్ కన్నా వేరే జాతి అని, గుడ్లు పెట్టగానే చనిపోతుందని రాశాను. రెండూ సరికాదు. స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్ ఒకే జాతి. నదిలోనే ఉండిపోయేది ట్రౌట్. సముద్రానికి వెళ్లి, అక్కడ పెరిగి తిరిగొచ్చేది స్టీల్‌హెడ్. గుడ్లు పెట్టి చనిపోయేవి పసిఫిక్ సాల్మన్లు. స్టీల్‌హెడ్‌లలో కొన్ని మళ్లీ సముద్రానికి వెళ్లి మరోసారి వస్తాయి.

అంతకన్నా నన్ను ఇబ్బంది పెడుతున్న తప్పు మరొకటి. మధ్యాహ్నం నీరు వెచ్చబడ్డాక ట్రౌట్‌కు గాలం వేయమన్నాను. ఎలా రాశానో నాకే తెలియదు! ఇవి చల్లని నీటి చేపలు. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దాటిన నీటిలో గాలంతో పెనుగులాడి అలసిన చేప, మనం జాగ్రత్తగా వదిలినా, ఆ తర్వాత చనిపోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి తెల్లవారుజామునే వెళ్లండి, జేబులో థర్మామీటర్ ఉంచుకోండి. నీరు 20 డిగ్రీలకు చేరితే గాలం చుట్టేయండి.

ఇంతకుముందు నీటిపై తేలే గాలపు దారం, ఎరల గురించి రాసిన భాగంలో మార్పు లేదు.